ఎడంచేతి అక్షరాలు

కాయలన్నీ ఒక్కసారే రాలిపోయాయి. చెట్టు కనపడిందో లేదో, గెలలు కనపడ్డాయో లేదో, టపటపమని ఏదో మోగి ఆట అయిపోయిందని తెర మీద పడింది. లావణ్య "అయ్యో" అంది, నేను "ఆయ్" అన్నాను. నేను అనదలుచుకున్నది అది కాదు. ఇంత వేగంగా రాలితే ఎవరు కొట్టగలరే, దీన్ని కాస్త ఆపు అందామనుకున్నాను. ఆ మాటలన్నీ వరసగా, ఆగాల్సిన చోట ఆగుతూ, నా తలలో సిద్ధంగానే ఉన్నాయి, గొంతు దాకా వచ్చాయి కూడా, నోరు దాటేసరికి మాత్రం ఆయ్. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ మాటా పట్టుకుపోయిన రోజు నుంచీ నాకు మిగిలింది ఈ ఒక్క మాటే. ఒక్కొక్కరికి ఒక్కో మాట మిగులుతుందట, డాక్టరుగారు చెప్పారు, ఒకాయనకి దేవుడి పేరు మిగిలిందట, ఒకావిడకి బూతుమాట మిగిలిందట. నాకేమో మా వైపు ఎవరేం చెప్పినా ఔననడానికి అనే ఆయ్ మిగిలింది. బూతుమాట మిగిలినా బాగుండేది. ఫ్యాను వెయ్యమంటావా, ఆయ్. ఇంకో ఇడ్లీ పెట్టనా, కడుపు నిండిపోయినా ఆయ్. ఎలాగూ కుట్టలేవు కదా, నీ కుట్టుమిషను పనిమనిషి వీరమ్మ కూతురికి ఇచ్చేద్దామా అంటే దానికీ ఆయ్. నిన్న సాయంత్రం నా కొడుకు మురళి మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రాజమండ్రిలో ఇలాంటివాళ్ళని తమ దగ్గరే ఉంచుకుని మాటా నడకా నేర్పే చోటుందమ్మా, అక్కడ ఉంటావా అని అడిగాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు, వాడికీ తెలియదు. వద్దురా, వద్దు వద్దు అని లోపల మొత్తుకుంటూ ఆయ్ అన్నాను. వాడి మొహం తేలికపడింది. ఇప్పుడు కారు తేవడానికి వెళ్ళాడు.

వాడు చెడ్డవాడు కాదు. నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైన్ల దగ్గర షిఫ్టులు చేసి వచ్చి, బూట్లు విప్పకుండా నన్ను మంచం మీంచి కుర్చీలోకి ఎత్తి కూర్చోబెడతాడు. ఎత్తేటప్పుడు వాడి నడుం పట్టేస్తే పళ్ళు బిగించి, ఏం లేదమ్మా అంటాడు. నేను అడగలేదు కదా, అయినా ఏం లేదమ్మా అంటాడు. నా బట్టలు సర్దిన సంచీ గుమ్మం పక్కనే ఉంది. లావణ్య సర్దింది, నీలం చీర పైన పెట్టింది. ఆ చీర నాకు ఇష్టమని దానికి ఎలా తెలుసో. ముక్తేశ్వరం పిల్ల, బళ్ళో లెక్కలు చెబుతుంది, మనిషి నెమ్మది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ మా ఇద్దరికీ పేచీ లేదు, చనువూ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు పంతులమ్మలం, ఎవరి క్లాసు వాళ్ళది అన్నట్టు ఉండేవాళ్ళం. ఈ రోజు దాకా నా మంచం మీద కూర్చుని ఎరగదు. ఇప్పుడు కూర్చుంది. కొత్త లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, నా వైపు తిప్పి పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని మరీ కూర్చుంది.

ఎదురుగా కొబ్బరికొట్టు రేకుల మీద వాన. ఆ చప్పుడు వింటే నాకు క్లాసు గుర్తొస్తుంది, ఎప్పుడూ అంతే. అంబాజీపేట మెయిన్‌రోడ్డులో, కింద ఎండుకొబ్బరి కొట్టు, పైన మా టైపు ఇన్‌స్టిట్యూట్, మిషన్లన్నీ ఒకేసారి మొదలెడితే కింద లారీలో కాయలు లెక్కపెట్టేవాళ్ళు లెక్క తప్పి పైకి చూసి తిట్టేవారు. ఏ ఎస్ డి ఎఫ్, ఎడంచేతి చిటికెనవేలు ఏ మీద, చూపుడువేలు ఎఫ్ మీద, కిందికి చూడకూడదు, చూస్తే స్కేలుతో ఒకటి. ఏ వేలి అక్షరం ఆ వేలే కొట్టాలి, పక్కవేలు సాయానికి రాకూడదు. ఎంతమందికి నేర్పానో, పరీక్ష పాసై కోర్టుల్లోకీ ఆఫీసుల్లోకీ వెళ్ళిపోయారు, గల్ఫ్ వెళ్ళిన అబ్బులు అనే కుర్రాడు అక్కడి ఆఫీసులో టైపు కొడుతున్నప్పుడు మీ స్కేలు గుర్తొచ్చింది మేడం అని ఫోన్ చేశాడు. ఆ తరవాత మిషన్ల రోజులు పోయాయి, మా ఆయన కాకినాడ వెళ్ళి ఒక కంప్యూటర్ తెచ్చారు, దానికి ఒక అద్దాల గది, గది బయట చెప్పులు విప్పాలి. మా ఆయనకి ఆ గది తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నంత గర్వం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ కంప్యూటర్ మీద దుమ్ము వాలలేదు. ఆయన పోయాక దాన్ని ఎవరు పట్టుకెళ్ళారో నాకు గుర్తులేదు, ఆ రోజులవేవీ నాకు గుర్తులేవు.

ఈ ఆట ఆ గదిలోనే పుట్టింది. రాసింది ఉదయభాస్కర్, మా దగ్గరే నేర్చుకుని మా దగ్గరే పాఠాలు చెప్పినవాడు, ఇప్పుడు కొత్తపేటలో కాలేజీ లెక్చరరు. కొబ్బరిచెట్టు, ఒక్కో కాయ మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం, కాయ రాలుతుంటే ఆ అక్షరం కొట్టాలి, కొడితే బుట్టలో పడుతుంది, కొట్టకపోతే చెట్టుకింద పడుకున్న మనిషి నెత్తిన టంగుమని పడుతుంది. పిల్లలకి వేళ్ళు అలవాటవుతాయని రాశాడు. పిల్లలకంటే నాకే అలవాటైంది. మధ్యాహ్నం క్లాసు వదిలాక అద్దాల గది తలుపు వేసుకుని ఆడుతూ ఉండిపోయేదాన్ని, ఆయన భోజనానికి చూసి చూసి వచ్చి, అయిందా కాయల దింపు, ఇంకా ఎన్ని చెట్లున్నాయి అని నవ్వేవారు. మొన్న నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఉదయభాస్కరే ఆ సంగతి లావణ్యకి చెప్పాడు, నా ఆటలో నన్నే ఓడించేసేవారండి మేడం గారు అని. ఆ మాట పట్టుకుని లావణ్య అతనికి ఫోన్ చేసింది. పాత సీడీలో ఎక్కడో ఉంటే అతను వెతికి, ఇవాళ పొద్దున్న పంపించాడు. నేను వెళ్ళేలోపు ఒక్కసారైనా చూపించాలని దీని తాపత్రయం. ముందు కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో నడవదు అని ఒక నీలం పెట్టె వచ్చి కూర్చుంది. అప్పుడు లావణ్య ఫోన్లో చదివి చదివి, కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ వేషం కట్టే ప్రోగ్రాం ఒకటి ఉంటుందని కనిపెట్టి, అది ఎక్కించింది. అది ఎక్కిందనుకుంటే ఇప్పుడు ఇలా, చెట్టు చెట్టంతా ఒక్క దెబ్బకి దులిపేసినట్టు.

నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నాకు అన్నీ ఇలాగే ఉన్నాయి. టీవీలో వాళ్ళు మొదటి మాట నాకు అందేలోపు పదో మాట దగ్గర ఉంటారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎలా ఉన్నారు అని అడిగి, నేను జవాబు పోగుచేసుకునేలోపు ఇంకో నాలుగు అడిగి, మీరు రెస్ట్ తీసుకోండి అని లేచిపోతారు. ఒకసారి పలక ఇచ్చారు, రాయమని. ఎడంచేత్తో గీస్తే వానపాము పాకినట్టు వచ్చింది, మురళి దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, పర్లేదమ్మా అని తుడిచేశాడు. ఫోన్ ఇచ్చారు, ఆ అద్దం మీద నా వేలికి ఏ అక్షరమూ తగల్లేదు, జారిపోయింది. ఇంక ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మనిషికి మాట పోతే లోపల కూడా ఏమీ ఉండదనుకుంటారు కాబోలు, పోనీ అలా అనుకోవడం వాళ్ళకి తేలికేమో. నా ముందే నా గురించి మాట్లాడేస్తారు. లావణ్య ఒక్కతే మాట్లాడదు. అసలే తక్కువ మాటల మనిషి, అది నా మేలుకొచ్చింది.

లావణ్య ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"ఆయ్, చెప్పండమ్మా. పడిందాండి ఆట?" ఉదయభాస్కర్ గొంతు. వాన చప్పుడు అక్కడా ఉంది.

"పడింది గానీ మాస్టారూ, రెప్ప వాల్చేలోపు కాయలన్నీ రాలిపోతున్నాయండి."

అతను నవ్వాడు. "అది నా తెలివేనండి. గడియారం చూసి కాయ వదలమని చెప్పడం అప్పట్లో నాకు రాదు. ఒక కాయకీ ఇంకో కాయకీ మధ్య ఊరికే అంకెలు లెక్కపెట్టుకోమని రాసేను. మన పాత కంప్యూటర్ అవి లెక్కపెట్టుకునేసరికి మనం ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఇప్పటివి చిటికెలో లెక్కపెట్టేసి కూచుంటున్నాయండి. ఇంతకీ మీరు వేగం ఎంత పెట్టేరు?"

"అన్నిటికన్నా ఎక్కువ పెట్టేనండి. కొత్తది కదా అని."

"అదేనండి మరి. కంట్రోల్ నొక్కి పట్టుకుని ఎఫ్ పదకొండు కొడుతూ ఉండండి. కొట్టినప్పుడల్లా మందగిస్తుంది. మేడం గారు ఉన్నారాండి పక్కన?"

"ఉన్నారండి. వింటున్నారు."

"మేడం గారూ, నమస్కారమండీ. ఆ పాత స్పీడు వచ్చేదాకా తగ్గించమనండి. మిమ్మల్ని ఓడించేవాడు ఇంకా పుట్టలేదు."

"ఆయ్" అన్నాను. ఇది మాత్రం నిజంగా నేనన్నదే. కానీ ఏది నాదో ఏది నోటిదో వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది.

లావణ్య తగ్గించింది. కొట్టి చూసింది, మళ్ళీ కొట్టింది. కాయలు వాన నుంచి జల్లు అయ్యాయి, జల్లు నుంచి ఒక్కొక్క చినుకు అయ్యాయి, ఆకుపచ్చ చెట్టు, నల్లటి ఆకాశం, కింద పసుపుపచ్చ మనిషి, అవే గీతలు, అంచులు మెట్లుమెట్లుగా ఉండే అవే గుండ్రాలు. అదిగో, అదే నా పాత వేగం, అక్కడ ఆపు అనుకున్నాను. ఆపలేదు. నా చేతి వైపు ఒకసారి చూసి ఇంకా తగ్గించింది. నాకు రోషం వచ్చింది. నేనేమన్నా నిన్న కాక మొన్న చేరిన పిల్లనా, దింపులో అందరికన్నా ముందు నేనే కదా. ఇంకా తగ్గించింది. ఇప్పుడు కాయ గెల నుంచి విడివడి, ఏటి మీద ఆకు తేలినట్టు దిగుతోంది, దాని మీద ఎఫ్ అని స్పష్టంగా చదవగలిగాను. చదివాను. ఆసుపత్రి తరవాత నా కళ్ళకి నిలబడి కనిపించిన మొదటి అక్షరం అది. లావణ్య నా ఎడంచేతిని తీసి మీటల మీద పెట్టింది. వేళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయి, చిటికెనవేలు ఏ మీదికి, చూపుడువేలు ఎఫ్ మీదికి, ఎఫ్ మీద చిన్న గీత ఉబ్బెత్తుగా తగిలింది. కొట్టాను. కాయ బుట్టలో పడింది.

"అత్తయ్యగారూ!" లావణ్య గొంతు కీచుమంది. నెమ్మది మనిషికి అంత గొంతు ఉందని నాకు తెలియదు.

డి, కొట్టాను. ఏ, కొట్టాను. తరవాత కె వచ్చింది, కె కుడిచేతిది, మధ్యవేలిది, మధ్యవేలు దుప్పటి మీద పడుకుని ఉంది, లేవమన్నాను, కదల్లేదు, కాయ వెళ్ళి పసుపుపచ్చ మనిషి నెత్తిన టంగుమంది. ఎస్, కొట్టాను. ఎల్, టంగు. ఓ, టంగు. పాపం వాడి నెత్తి. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, నవ్వో ఏడుపో, లావణ్య కంగారుగా నా మొహంలోకి చూసి నవ్వేనని తేల్చుకుని అది కూడా నవ్వింది. "కుడివైపు అక్షరాలు నేను కొడతానండీ. ఎడంవైపువి మీవి" అంది. దానికి టైపు రాదు, రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొడుతుంది, కె ఎక్కడుందో వెతికేసరికి కాయ సగం దూరం దిగిపోతుంది, అయినా ఇంత నెమ్మదిలో దానికీ అందుతోంది. నేను జి కొడితే అది హెచ్ కొట్టింది. టి నాది, వై దానిది. ఎడంచెయ్యి నాది, కుడిచెయ్యి దానిది, భుజానికి భుజం ఆనింది, దాని జడలోంచి తడిసిన కనకాంబరాల వాసన. ఎవరితోనైనా ఇలా కలిసి ఒక పని చేసి ఎన్నాళ్ళయింది. అందరూ నాకు పనులు చేస్తున్నారు, తలదువ్వుతున్నారు, తినిపిస్తున్నారు, నాతో కలిసి ఎవరూ ఏమీ చెయ్యలేదు.

తెర మీంచి కళ్ళు తియ్యకుండా లావణ్య అంది, "నిన్న మీరు సరేనన్నారని ఆయన చెప్తే నాకు రాత్రి అన్నం దిగలేదండీ. నాకు మీరు వెళ్ళడం ఇష్టం లేదు. కానీ మీరే ఒప్పుకున్నాక నేనెవరిని వద్దనడానికి? ఇక్కడ నా చేత సరిగ్గా జరగట్లేదని వెళ్తున్నారేమో అనుకున్నాను." ఎమ్ వచ్చింది, వెతుక్కుంది, కొట్టింది. "మీకేదైనా తక్కువ చేశానా అత్తయ్యగారూ?"

లేదే, పిచ్చిపిల్లా, లేదు. "ఆయ్" అంది నా నోరు.

దాని చెయ్యి ఆగిపోయింది. పి అక్షరం దిగుతూ ఉంది, కొట్టలేదు, టంగు. యు, టంగు. ఆట అయిపోయింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల పక్కకి తిప్పుకుంది. ఆ క్షణంలో నా నోటిని చేత్తో పట్టుకుని లాగి పారెయ్యాలనిపించింది. నా కొడుక్కి అబద్ధం చెప్పింది, ఇప్పుడు ఈ పిల్లకి కూడా చెప్పింది.

తెర మీద పేరు అడుగుతోంది. ఆట చివర పేరు కొడితే ఎన్ని కాయలు దింపారో పక్కనే వేసి చూపిస్తుంది. పేరు అని ఇంగ్లీషులో, పక్కన చిన్న గీత వెలుగుతూ ఆరుతూ. లావణ్య ముక్కు తుడుచుకుని, "మీ పేరు వేస్తానండీ" అని మీటల మీదికి వంగింది. నేను దాని చేతిని తోసేశాను. ఎడంచేత్తో, మోచెయ్యి పెట్టి గట్టిగానే తోశాను. అది తెల్లబోయి నా వైపు చూసింది. నేను చూడలేదు, మీటల వైపు కూడా చూడలేదు, కిందికి చూడకూడదు. చూపుడువేలు ఎఫ్ మీంచి కిందికి జారింది, వి. చిటికెనవేలు కదలక్కర్లేదు, ఏ. మధ్యవేలు, డి. మళ్ళీ మధ్యవేలు, డి. నాలుగూ ఎడంచేతివే. ఆ తరవాత రావాల్సింది యు, అది అవతల ఒడ్డుది, దుప్పటి మీద పడుకున్న చూపుడువేలిది. అక్కడ ఆగిపోయాను.

లావణ్య తెర చూసింది. "వడ్… వ్యాడ్… ఏంటండీ ఇది?" అని గొణిగింది. మరోసారి చదివింది, ఈసారి పెదవులతో మాత్రమే. దాని చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఒద్దా?" అంది. "అత్తయ్యగారూ, ఒద్దంటున్నారా?"

బయట కారు ఆగింది. ఇంజను ఆగలేదు. మురళి తల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు, చొక్కా భుజాలు తడిసిపోయి ఉన్నాయి, సంచీ అందుకుని, "గోదావరి దాటేసరికి చీకటి పడకూడదు. బయల్దేరదామా అమ్మా?" అన్నాడు.

"ఆయ్" అన్నాను నేను. అన్నది నా నోరే, వాడికి వినపడింది కూడా.

"ఆ మాట వినకండి" అంది లావణ్య. ఇది మొగుడికి ఎదురు మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు. "ఆవిడకి వచ్చిన మాట అదొక్కటేనండీ. మనం ఏం అడిగినా అదే. ఇన్నాళ్ళూ మనం అడిగింది మనకి కావలసిన జవాబేనండి. ఇలా వచ్చి ఇది చూడండి."

వాడు సంచీతోనే వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది నువ్వు కొట్టేవా?" అని దాన్ని అడిగాడు.

"నా చెయ్యి తోసేసి మరీ ఆవిడే కొట్టేరు."

"ఊరికే వేళ్ళు తగిలేయేమో. ఆట ఆడుతూ…" వాడి గొంతులో నమ్మకం లేదు, నమ్మితే ఏం చెయ్యాలో తెలియని భయం ఉంది. మంచం పక్కన కూలబడ్డాడు. "అక్కడైతే నీకు మాట వస్తుందని అమ్మా. నేను షిఫ్టుకి పోతే లావణ్య ఒక్కత్తీ నిన్ను లేపలేక… నువ్వు సరేనన్నావు కదా. నువ్వు సరేనంటేనే కదా నేను… ఇది నీ మాటేనా?"

సగం మాట కొట్టి వదిలెయ్యడం నా క్లాసులో లేదు. ఎడంచేతిని ఎత్తాను. పక్క చేతి అక్షరం కొట్టకూడదు, కొడితే స్కేలుతో ఒకటి, నేనే పెట్టిన చట్టం, కొట్టనీ, ఎవరు కొడతారో కొట్టనీ. జి దాటాను, హెచ్ దాటాను, తెలియని వీధిలోకి వచ్చినట్టుంది, ఈసారి కిందికి చూశాను, చూసి, యు కొట్టాను. తరవాత ఇంకా అవతలకి వెళ్ళి ఎంటర్ కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే లాప్‌టాప్ లావణ్య ఒళ్ళో ఎగిరిపడింది.

తెర మీద మాట పూర్తయింది. పక్కనే మేం దింపిన కాయల లెక్క.

మురళి మొహం నా మోకాలి దగ్గర దుప్పట్లో పెట్టుకున్నాడు, వాడి తడిజుట్టు నా ఎడంచేతికి తగిలింది, చెయ్యి అక్కడే ఉంచాను. లావణ్య మెల్లిగా, "నేర్పించడానికి తీసుకెళ్ళి తీసుకొద్దామండీ. ఉంచెయ్యొద్దు. నేను సెలవు పెడతాను, అబ్బే, ఇద్దరం వంతులేసుకుందాం" అంది. వాడు తల ఊపాడు. లేచి, డ్రైవర్‌తో చెప్పడానికి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడిపోయి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఆకలేస్తోందా అమ్మా?" అని అడిగి, నా నోటి వైపు కాకుండా నా చేతి వైపు చూస్తూ నిలబడ్డాడు.